నిద్రపై మొక్కల రసాయనాలు, మెదడు అణువుల ప్రభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో పెరిగే మొక్కలోని రసాయనం మన నిద్రను ఎలా మార్చగలుగుతుంది?

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. ఒక కణం విడుదల చేసిన అణువు పక్క కణం మీదున్న గ్రాహకానికి అతుక్కున్నప్పుడు ఆ కణం చురుకెక్కడమో, మందగించడమో జరుగుతుంది. కొన్ని మొక్కల అణువులు మన మెదడు అణువులను ఆకారంలో పోలి ఉండటం వల్ల అదే గ్రాహకంలో ఇముడుతాయి. వాటిలో కొన్ని దానిని పనిచేయిస్తాయి, కొన్ని ఊరికే అడ్డంగా కూర్చుంటాయి. అంటే నిద్రను గాని మెలకువను గాని మొక్క కొత్తగా తెచ్చి ఇవ్వదు, మెదడులో అప్పటికే ఉన్న ఏర్పాటులో వేలు పెడుతుంది. కింది జవాబులన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

మొక్కకు మన నిద్రతో పనేమిటన్న సందేహం సహజం. నిజానికి పనేమీ లేదు. కదలలేని మొక్క తనను తినవచ్చే పురుగులను తిప్పికొట్టడానికి రకరకాల రసాయనాలను తయారుచేసుకుంటుంది. పురుగుల నాడీవ్యవస్థ వాడే సందేశ అణువులలో చాలా వాటిని మన నాడీవ్యవస్థ కూడా వాడుతుంది కనుక, పురుగు కోసం పెట్టిన మందు మనకూ తగులుతుంది. పొగాకులోని నికోటిన్, కాఫీ గింజలోని కెఫీన్ ఈ కోవకే చెందుతాయి. కెఫీన్ విషయంలో ఒక చిన్న మెలిక కూడా ఉంది: కాఫీ, నిమ్మజాతి మొక్కల పూదేనెలో అది అతి స్వల్పంగా ఉంటుందనీ, ఆ మోతాదులో తేనెటీగలకు పూల వాసన ఎక్కువకాలం గుర్తుండేలా చేస్తుందనీ 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. ఆకులో విషంగా పనిచేసేది పువ్వులో ఎరగా పనిచేస్తోందన్నమాట.

మెదడులో నిద్ర తెప్పించే అణువు ఏది?

అలాంటిది ఒకటి ఉండి తీరాలని ఒకప్పుడు నమ్మారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో జపాన్‌లో కునియోమి ఇషిమోరి, ఫ్రాన్స్‌లో ఆన్రీ పియెరాన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ వెతుకులాట సాగించారు. రోజుల తరబడి నిద్రపోనివ్వని కుక్కల మెదడు నుంచి సేకరించిన పదార్థాన్ని మామూలు కుక్కలకు ఎక్కిస్తే అవి నిద్రలోకి జారుకోవడం వారు గమనించారు. ఆ పదార్థం ఏమిటో అప్పుడు తేలలేదు. ఈనాటి అవగాహన ప్రకారం అది ఏదో ఒక్క అణువు కాదు, కొన్ని అణువుల ఉమ్మడి వ్యవహారం.

స్విట్జర్లాండ్‌లో పనిచేసిన అలెగ్జాండర్ బోర్బెలి 1982లో ప్రతిపాదించిన నమూనా ఇప్పటికీ దీనికి మంచి పునాది. దాని ప్రకారం నిద్రను రెండు వేర్వేరు శక్తులు నడుపుతాయి. మేలుకొని ఉన్నకొద్దీ పెరుగుతూ, నిద్రపోతే తగ్గిపోయే నిద్ర ఒత్తిడి ఒకటి. మనం నిద్రపోయినా పోకపోయినా రాత్రీ పగలూ లెక్కపెట్టుకుంటూ పోయే జీవ గడియారం రెండవది. మొదటిదానిలో ప్రధాన పాత్ర ఎడినోసిన్‌ది. రెండవదాని సమయాన్ని శరీరమంతటికీ చాటేది మెలటోనిన్. వీటికి తోడు మెలకువను నిలబెట్టే హిస్టమిన్, నారడ్రినలిన్, ఎసిటైల్‌కోలిన్, ఒరెక్సిన్ అనే బృందం ఒకవైపు, ఆ బృందాన్ని అణచివేసే గాబా మరొకవైపు ఉంటాయి.

ఈ రెండు పక్షాలు మెదడులో ఎక్కడ ఉంటాయో మొదట పసిగట్టినది ఒక అంటువ్యాధి పుణ్యాన. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నిద్రమత్తు మెదడువాపు వ్యాధి వ్యాపించినప్పుడు, వియన్నాలోని కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకనామో మరణించినవారి మెదళ్లను పరిశీలించాడు. రోజంతా నిద్రపోయిన రోగులలో మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే చిన్న భాగపు వెనుక వైపు, అసలు నిద్రే పట్టని రోగులలో దాని ముందు భాగం దెబ్బతిన్నట్లు ఆయన గుర్తించాడు. దశాబ్దాల తరువాత అదే ముందు భాగంలో గాబాను విడుదల చేసే నిద్ర కణాలు, వెనుక భాగంలో హిస్టమిన్‌ను, ఒరెక్సిన్‌ను విడుదల చేసే మెలకువ కణాలు బయటపడ్డాయి. సూక్ష్మదర్శిని తప్ప మరే సాధనమూ లేని రోజుల్లో చేసిన ఆ అంచనా అంత సరిగా ఉండటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కాఫీ తాగితే నిద్ర ఎందుకు పోతుంది? అది శక్తిని ఇస్తుందా?

కెఫీన్ శక్తిని ఇవ్వదు. అలసట కబురు మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది, అంతే. కణాలు పనిచేయడానికి ఏటీపీ అనే ఇంధన అణువును ఖర్చుచేస్తాయి. ఆ ఖర్చులో మిగిలే ముక్కే ఎడినోసిన్. మేలుకొని ఉన్న గంటలు పెరిగేకొద్దీ మెదడులోని కొన్ని భాగాలలో ఎడినోసిన్ పోగుపడుతుందనీ, నిద్రలో అది తగ్గిపోతుందనీ పిల్లులపై చేసిన ప్రయోగంలో 1997లో కొలిచి చూపారు. అది ఎ1, ఎ2ఎ అనే గ్రాహకాలకు అతుక్కొని మెలకువ కణాలను మందగింపజేసి, నిద్ర కణాలకు ఊతమిస్తుంది. కెఫీన్ ఆకారం ఎడినోసిన్‌కు దగ్గరగా ఉండటం వల్ల ఆ గ్రాహకాలలో చోటు ఆక్రమిస్తుంది గాని వాటిని పనిచేయించదు. ఎ2ఎ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకు కెఫీన్ ఇచ్చినా మెలకువ పెరగలేదని 2005లో తేలడంతో, అసలు తాళం ఏదో స్పష్టమైంది.

ఈలోగా ఎడినోసిన్ తయారీ ఆగదు. కెఫీన్ వదిలిపోయిన తరువాత పోగుపడినదంతా ఒక్కసారిగా ఖాళీ గ్రాహకాలను చేరుకుంటుంది. కాఫీ ప్రభావం తగ్గగానే ముంచుకొచ్చే మగతకు కారణం ఇదే. రోజూ తాగేవారి మెదడు దీనికి అలవాటుపడి సర్దుకుంటుంది కనుక, ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, మందకొడితనం రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పైగా వేధిస్తాయి.

సాయంత్రం కాఫీ తాగినా నాకు హాయిగా నిద్ర పడుతుంది. అయినా మానుకోవాలా?

నిద్ర పట్టడం వేరు, పట్టిన నిద్ర లోతుగా ఉండటం వేరు. శరీరంలోని కెఫీన్ సగానికి తగ్గడానికి ఆరోగ్యవంతులలో సగటున 5 గంటలు పడుతుంది; అంటే సాయంత్రం 5 గంటలకు తాగినదానిలో సగం రాత్రి 10 గంటలకు కూడా రక్తంలోనే ఉంటుంది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారిలో నిద్ర గంటకు పైగా తగ్గినట్లు 2013 నాటి ఒక అధ్యయనంలో తేలింది. ఆ మోతాదు నాలుగైదు కప్పుల కాఫీకి సమానం కనుక, ఒక్క కప్పుతో అంత నష్టం జరుగుతుందని దీని అర్థం కాదు. కానీ గాఢనిద్ర తగ్గిన సంగతి నిద్రపోయిన మనిషికి తెలియదు. మర్నాడు ఉదయం మరో కప్పు ఎక్కువ కావలసి వచ్చినప్పుడు దానికి మూలం ముందురోజు సాయంత్రంలో ఉండవచ్చునని తట్టదు.

అందరికీ ఒకే లెక్క వర్తించదన్నది మాత్రం నిజం. కెఫీన్‌ను విరిచే పని కాలేయంలోని ఒక ఎంజైముది. పొగతాగేవారిలో అది వేగంగా, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో నెమ్మదిగా పనిచేస్తుంది. నిండు గర్భిణులలో కెఫీన్ సగం కావడానికి 15 గంటల దాకా పట్టవచ్చు. అందుకే యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములను పరిమితిగా చెబుతూ, గర్భిణులకు 200 మాత్రమే అన్నది. ఎ2ఎ గ్రాహకపు జన్యువులోని తేడాలు కూడా ఒకరిని కాఫీకి చలించనివారిగా, మరొకరిని మధ్యాహ్నపు కప్పుకే రాత్రంతా దొర్లేవారిగా మారుస్తాయి.

కెఫీన్ జీవ గడియారాన్ని కూడా కదుపుతుంది. నిద్రకు 3 గంటల ముందు రెండు షాట్ల ఎస్ప్రెస్సోకు సమానమైన మోతాదు తీసుకుంటే గడియారం సుమారు 40 నిమిషాలు వెనకబడుతుందని 2015లో ప్రచురితమైన ప్రయోగం చూపింది.

టీలోనూ కెఫీన్ ఉంది కదా, అది కాఫీ అంతగా కుదిపివేయదెందుకు?

మొదటి కారణం మామూలుదే: ఒక కప్పు టీలో కెఫీన్ సాధారణంగా కాఫీలో ఉన్నదానిలో సగమో, అంతకన్నా తక్కువో ఉంటుంది. రెండవ కారణంగా చెప్పేది థియనిన్. ఇది 1949లో జపాన్‌లో టీ ఆకు నుంచి వేరుచేసిన అమైనో ఆమ్లం. మెదడులోకి చేరగలదు, తగినంత మోతాదులో ప్రశాంతమైన మెలకువకు గుర్తయిన ఆల్ఫా తరంగాలను పెంచుతుంది. అయితే ప్రయోగాలలో సాధారణంగా ఇచ్చే 200 మిల్లీగ్రాములు ఒక కప్పు టీలో ఉండవు. థియనిన్ ఉంది కదా అని రాత్రి పడుకునే ముందు టీ తాగడం తెలివైన లెక్క కాదు.

మెలటోనిన్ నిద్రమాత్రేనా?

కాదు. ఈ అపోహ చాలా గట్టిది కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడైన ఆరన్ లెర్నర్ 1958లో ఆవుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి దీనిని వేరుచేశాడు. ఆయన వెతికినది చర్మపు రంగును మార్చే పదార్థం కోసం, నిద్ర కోసం కాదు. ఆహారంలోని ట్రిప్టోఫాన్ సెరొటోనిన్‌గా, అది మెలటోనిన్‌గా మారుతుంది. కంటి తెరలోని మెలనాప్సిన్ కణాలు వెలుగును, అందులోనూ నీలి వెలుగును పసిగట్టి మెదడు గడియారానికి కబురు పంపినంతసేపూ మెలటోనిన్ విడుదల ఆగి ఉంటుంది. మామూలుగా పడుకునే వేళకు సుమారు 2 గంటల ముందు అది పెరగడం మొదలవుతుంది.

రాత్రిపూట తిరిగే ఎలుకలలో కూడా మెలటోనిన్ రాత్రిపూటే పెరుగుతుంది, ఆ వేళ అవి మేలుకొని పరుగులు తీస్తున్నా సరే. కనుక మెలటోనిన్ చెప్పేది "నిద్రపో" అని కాదు, "చీకటి పడింది" అని. ఆ కబురుతో ఏం చేయాలో ఆయా జీవి మెదడు నిర్ణయించుకుంటుంది. అందువల్లనే వేగంగా దేశాలు దాటినప్పుడు తప్పిన గడియారాన్ని సరిచేయడంలో, బాగా పొద్దుపోతే గాని నిద్రరాని వారి సమయాన్ని ముందుకు జరపడంలో అది ఉపయోగపడుతుంది. మామూలు నిద్రలేమికి దాని బలం తక్కువ: అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి 2013లో లెక్కగడితే, నిద్ర సుమారు 7 నిమిషాలు ముందుగా పట్టడం, మొత్తం నిద్ర సుమారు 8 నిమిషాలు పెరగడం కనిపించింది.

మోతాదు విషయంలోనూ ఎక్కువైతే ఎక్కువ మేలన్న సూత్రం చెల్లదు. రక్తంలో సహజమైన రాత్రి స్థాయిని తేవడానికి సుమారు 0.3 మిల్లీగ్రాము చాలు. దుకాణాలలో దొరికేవి 3, 5, 10 మిల్లీగ్రాములు. పైగా సీసా మీద రాసినదే లోపల ఉంటుందన్న భరోసా లేదు. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వాటిలోని మెలటోనిన్ రాసినదానికన్నా 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ వరకు ఉంది. ఎనిమిదింటిలో చెప్పకుండానే సెరొటోనిన్ కూడా కలిసి ఉంది.

మెలటోనిన్ ఉన్న పండ్లు తింటే, పాలు తాగితే నిద్ర వస్తుందా?

మొక్కలలో మెలటోనిన్ ఉన్న సంగతి 1995లో బయటపడింది. పుల్లని చెర్రీలను ఎక్కువగా ఉదాహరిస్తారు; ఒక రకంలో గ్రాముకు సుమారు 13 నానోగ్రాములు కొలిచారు. ఈ లెక్కన పైన చెప్పిన 0.3 మిల్లీగ్రాము కావాలంటే ఒక్క పూటలో 23 కిలోల పండ్లు తినాలి.

పాల విషయంలో చెప్పేది ట్రిప్టోఫాన్ గురించి. ఒక కప్పు పాలలో అది 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, ప్రయోగాలలో ప్రభావం చూపిన మోతాదులు దానికి పదింతలు. అంతేకాక రక్తం నుంచి మెదడులోకి దాటే ద్వారం వద్ద ట్రిప్టోఫాన్ ఇతర అమైనో ఆమ్లాలతో పోటీపడాలి, పాలలోని మాంసకృత్తులు ఆ పోటీదారులను కూడా వెంటబెట్టుకొని వస్తాయి. గోరువెచ్చని పాలు అలవాటుగా, హాయిగా పనిచేస్తే తాగడానికి అభ్యంతరమేమీ లేదు, రసాయన కారణం మాత్రం బలహీనమైనది. మాత్రలుగా అమ్మిన ట్రిప్టోఫాన్‌కు ఒక చేదు చరిత్ర ఉంది: 1989లో అమెరికాలో కలుషితమైన సరుకు వల్ల 1500 మందికి పైగా తీవ్రమైన కండరాల, రక్త వ్యాధికి గురికాగా, 30 మందికి పైగా మరణించారు.

గాబా మాత్రలు మింగితే మెదడు శాంతిస్తుందా?

గాబా మొక్కలలో కూడా ఉంటుంది. బంగాళాదుంపలో దానిని 1949లో గుర్తించారు, మెదడులో ఉన్నట్లు తెలిసినది ఆ మరుసటి ఏడాది. అయితే నోటి ద్వారా తీసుకున్న గాబా రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను పెద్దగా దాటలేదు. అందుకే వైద్యులు వాడే బెంజోడయాజిపైన్లు అనే మత్తుమాత్రల వంటి మందులు గాబాను బయటి నుంచి తెచ్చిపోయవు, మెదడులో ఉన్న గాబా పనికే పదును పెడతాయి. గాబా మాత్రల మీద ఖర్చు నాకు వృథాగానే కనిపిస్తుంది.

వలేరియన్, చామొమైల్ వంటి మూలికలు నిజంగా పనిచేస్తాయా?

గాబా గ్రాహకానికి పదును పెట్టే పనినే ఈ మొక్కలు కూడా చేస్తాయన్నది వాటి వెనుకనున్న తర్కం. వలేరియన్ వేరులోని వలేరెనిక్ ఆమ్లం ఆ గ్రాహకంలోని ఒక భాగానికి అతుక్కొని గాబా ప్రభావాన్ని పెంచుతుందని ప్రయోగశాలలో స్పష్టంగా చూపారు. మన చామంతి కుటుంబానికే చెందిన చామొమైల్ పువ్వులోని ఎపిజెనిన్ బెంజోడయాజిపైన్లు కూర్చునే చోట బలహీనంగా కూర్చుంటుంది. గాజు పాత్రలో రుజువైనది మనిషిలో రుజువు కావడం వేరు సంగతి. వలేరియన్‌పై జరిగిన ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగవు. దీర్ఘకాలిక నిద్రలేమికి వలేరియన్‌ను గాని, మెలటోనిన్, ట్రిప్టోఫాన్‌లను గాని వాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాలలో సూచించింది, ఆ సూచన బలహీనమైన ఆధారాల మీద చేసినదని కూడా అదే చెప్పింది. హిమాలయాలలో పెరిగే జటామాంసి వలేరియన్‌కు దగ్గరి బంధువు. దాని మీద మనుషులలో జరిగిన పరీక్షలు ఇంకా తక్కువ, మొక్కేమో అతిగా తవ్వకాల వల్ల అంతరించిపోయే దశకు చేరుకుంది.

వలేరియన్ వేరు దుర్గంధానికి కారణమైన ఆమ్లాల పోలికలో 1882లో తయారుచేసిన వాల్‌ప్రోయిక్ ఆమ్లం ఎనభై ఏళ్లు వట్టి ద్రావకంగానే వాడుకలో ఉంది. అందులో ఇతర మందులను కరిగించి పరీక్షిస్తుండగా, మూర్ఛను ఆపుతున్నది ఆ మందులు కావు, ద్రావకమేనని 1963లో అనుకోకుండా తెలిసింది.

అశ్వగంధ పేరులోనే నిద్ర ఉందంటారు. అది సురక్షితమేనా?

శాస్త్రీయ నామంలో ఉంది. విథానియా సోమ్నిఫెరా అనే పేరులోని రెండో మాటకు లాటిన్‌లో నిద్ర తెచ్చేది అని అర్థం. 2017లో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని ఆకులోని ట్రైఇథిలీన్ గ్లైకాల్ ఎలుకలలో నిద్రను పెంచుతుందనీ, ఈ మొక్కలోని ప్రసిద్ధ రసాయనాలైన విథనోలైడ్‌లకు ఆ గుణం కనిపించలేదనీ ప్రకటించారు. సంప్రదాయంలో ఎక్కువగా వాడేది వేరును. మనుషులపై జరిగిన చిన్న ప్రయోగాలలో స్వల్పమైన మేలు కనిపించింది. మరోవైపు కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు, గర్భిణులు వాడకూడదు. డెన్మార్క్ 2023లో దీనిని నిషేధించింది.

నల్లమందు, గంజాయి నిద్రనిస్తాయి కదా?

మత్తును ఇస్తాయి. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేసిన జర్మన్ ఔషధకారుడు ఫ్రీడ్రిచ్ సెర్ట్యూర్నర్ దానికి గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు పెట్టాడు. ఆ పేరు సరిపోలేదనే చెప్పాలి, ఎందుకంటే మార్ఫిన్ గాఢనిద్రను, కలల నిద్రను రెండింటినీ తగ్గిస్తుంది, మోతాదు మించితే ఊపిరినే ఆపుతుంది. అది ఎక్కి కూర్చునే గ్రాహకాలు మన సొంత నొప్పినివారణ అణువుల కోసం ఏర్పడినవి. ఆ అణువులు 1975లో గాని దొరకలేదు. గంజాయిలోనూ ఇదే వరుస. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే అణువును 1964లో వేరుచేశారు, అదే గ్రాహకానికి చెందిన మెదడు అణువు 1992లో దొరికినప్పుడు సంస్కృతంలోని ఆనంద శబ్దంతో దానికి ఆనందమైడ్ అని పేరుపెట్టారు. గంజాయి మొదట్లో నిద్రను త్వరగా పట్టించినా అలవాటయ్యేకొద్దీ ఆ గుణం సన్నగిల్లుతుంది, మానేసిన రాత్రుల్లో నిద్రలేమి, ఉద్ధృతమైన కలలు తిరగబడతాయి.

జలుబు మాత్ర వేసుకుంటే మగత వస్తుంది. దానినే నిద్రకు వాడవచ్చా?

పాతతరం జలుబు, ఎలర్జీ మాత్రలు మెదడులోని హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి కనుక మగత వస్తుంది. కొద్ది రోజులలోనే శరీరం దానికి అలవాటుపడుతుంది, పెద్దవయసువారిలో తికమక, తూలిపడటం, మూత్రం బిగుసుకోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. నిద్రకు వాడవద్దనే చెప్పాలి. ఒరెక్సిన్ మార్గం దీనికన్నా సూటిగా ఉంటుంది. 1998లో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్న ఈ అణువును తయారుచేసే కణాలు నశించినవారికి పట్టపగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ వస్తుందని 2000లో తెలిసింది. దానిని అడ్డుకునే తొలి నిద్రమందు సువోరెక్సాంట్‌ను అమెరికా 2014లో అనుమతించింది. ఇది మొక్క నుంచి వచ్చినది కాదు, మెదడు అణువును ముందు తెలుసుకొని దానికి తగినట్లు రూపొందించినది.

మూలికలు సహజమైనవే కనుక ఇతర మందులతో కలిపి వాడవచ్చా?

కెఫీన్, నికోటిన్, మార్ఫిన్ మూడూ సహజమైనవే. నిద్ర తెప్పించే మూలికను మద్యంతోనో, నిద్రమాత్రతోనో, మూర్ఛ మందుతోనో కలిపితే రెండింటి మత్తూ కూడి ఊపిరి, నడక దెబ్బతినవచ్చు. పసిఫిక్ దీవుల కావా వేరు కాలేయానికి హాని చేసిన ఉదంతాలు కూడా ఉన్నాయి. మానసిక దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ కాలేయ ఎంజైములను రెచ్చగొట్టి గర్భనిరోధక మాత్రల, రక్తం పలచబరిచే మందుల బలాన్ని తగ్గిస్తుంది. దానికి తలకిందులుగా, ఫ్లూవొక్సమైన్ అనే మందు వాడేవారిలో కెఫీన్, మెలటోనిన్ రెండూ విరగకుండా నిలిచిపోయి, మామూలు మోతాదే అనేక రెట్లుగా పనిచేస్తుంది. మూలిక పేరును కూడా మందుల జాబితాలో రాసి వైద్యునికి చూపాలి.

నిద్రలేమి వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటితే గాని, గురకతో పాటు ఊపిరి ఆగుతున్నట్లు పక్కవారు గమనిస్తే గాని మూలికలతో కాలయాపన చేయకూడదు. దీర్ఘకాలిక నిద్రలేమికి తొలి చికిత్సగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించినది మాత్రను కాదు, పడక వేళలను, నిద్ర గురించిన ఆలోచనలను సరిదిద్దే ప్రవర్తనా చికిత్సను.

ఇంతకీ మొక్కలు కూడా నిద్రపోతాయా?

మెదడు లేని జీవికి మన అర్థంలో నిద్ర లేదు, కానీ గడియారం ఉంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ 1729లో పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకునే అత్తిపత్తి వంటి మొక్కను పూర్తి చీకటిలో ఉంచితే, సూర్యుడు కనిపించకపోయినా అది వేళకు ఆకులు విప్పుతూ ముడుస్తూ ఉండటం చూశాడు. జీవుల లోపల గడియారం ఉందనడానికి దొరికిన తొలి ప్రయోగ ఆధారం ఇదే.